క్యారేజీ గారు చూసీ చెప్పని సంగతి

కన్నవాళ్లు పెట్టిన పేరు ఆయనకు ఒకటుంది. ఆఫీసులో దాన్ని జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వాడరు. తక్కిన చోటల్లా ఆయన క్యారేజీ గారే. కుర్రవాళ్లు మొహం మీదే అంటారు, హోదా ఉన్నవాళ్లు వెనకాల అంటారు, టీ తెచ్చే మనిషి అయితే అదే అసలు పేరనుకుని "క్యారేజీ గారూ, మీకు పంచదార తక్కువ కదూ" అంటూ మహా మర్యాదగా పలకరిస్తాడు. ఆయన కూడా "ఆ, తక్కువే" అంటాడు. అది నా పేరు కాదని చెప్పే ఓపిక ఆయనకు ఎప్పుడో పోయింది.

మొదట్లో ఆయన అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాడు. ఎడమచేతి వైపు రాతప్రతి, కుడిచేతి వైపు అచ్చు కాగితం పెట్టుకుని రెండింటినీ ఒక్క చూపులో చదివేవాడు. కామా ఎగిరిపోయినా, దీర్ఘం జారిపోయినా ఆయన పెన్సిల్ దాని మీద వాలాల్సిందే. అచ్చాఫీసు మూతపడ్డాక కొన్నాళ్లు గోళ్లు గిల్లుకుంటూ ఇంట్లో కూర్చుంటే బావమరిది వచ్చి, "కంప్యూటర్ ఆటలు తయారుచేసే కంపెనీలో తప్పులు పట్టే మనుషులు కావాలట బావా. నువ్వు జన్మంతా చేసింది అదేగా," అన్నాడు. అలా నడివయసులో, చెల్లెళ్ల పిల్లలంత వయసున్నవాళ్ల మధ్య, టెస్టింగ్ గదిలోకి వచ్చిపడ్డాడు.

ఆటలాడితే జీతమిస్తారట అని చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. వాళ్లకేం తెలుసు! ఆడటం కాదది. ఆటలో ఒకే తలుపును పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తీస్తూ మూస్తూ, ఎప్పుడో ఒకసారి అది తెరుచుకోకుండా మొండికేస్తుందేమోనని కాచుక్కూర్చోవడం. గోడకు తల ఆనించి నడుస్తూ, గోడలోంచి అవతలికి పోతామేమో చూడటం. నీళ్లలో దూకి పొడి బట్టలతో పైకొస్తే ఆ సంగతి రాసిపెట్టడం. ఎవరూ చేయని వెర్రి పనులన్నీ వరసగా చేసి, జనం చేతికి వెళ్లకముందే ఆట ఎక్కడ విరుగుతుందో కనిపెట్టడం ఆ గదివాళ్ల పని. ఆయన కళ్లలో వత్తులు వేసుకుని చేసేవాడు. పైకి చెప్పుకోలేదుగానీ తన కళ్లంటే ఆయనకు గర్వం.

ఆ గదికి ఒక పద్ధతి ఉంది. ఆటలో చేసిన కొత్త మార్పులన్నీ కలిపి అప్‌డేట్ అని వదులుతారు కదా, అది జనంలోకి వెళ్లే ముందు గదిలో అందరూ చివరిసారి ఆడి చూడాలి. అలమర మీద ఒక ఎర్ర ప్లాస్టిక్ మగ్గు ఉంటుంది. ఎవరికి తేడాగా అనిపించినా వాదించనక్కర్లేదు, లేచి ఆ మగ్గు తీసుకెళ్లి మేనేజరు బల్ల మీద పెడితే చాలు. అప్‌డేట్ ఆగిపోవాలి. ఎందుకు, ఏమిటి అన్నది తరవాత. నిన్న చేరిన పిల్లకైనా ఆ హక్కు ఉంది. ఇంత మంచి పద్ధతి పెట్టినవాళ్లను మెచ్చుకోవాల్సిందే. మగ్గు పెట్టినవాడి అనుమానం ఉత్తదని తేలితే ఆ మనిషి మొహం ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం వాళ్లు ఆలోచించలేదు.

చేరిన కొత్తలోనే ఆయన ఆ మగ్గు తీశాడు. ఆటలో తన బొమ్మ ఎవరూ తాకకుండానే ఎడమవైపుకి నడుచుకుంటూ పోతోంది. ఆపితే ఆగదు. గోడ అడ్డొచ్చినా కాళ్లు ఆడిస్తూనే ఉంది. మగ్గు బల్ల ఎక్కింది, అప్‌డేట్ ఆగింది, ప్రోగ్రాములు రాసేవాళ్లు పై అంతస్తు నుంచి పరుగున దిగారు, కంపెనీ పెద్దాయన ఫోన్‌లో అరిచాడు. అందరూ ఆయన కుర్చీ చుట్టూ మూగి రాసిన ప్రోగ్రామంతా జల్లెడ పట్టారు. చివరికి ఒకమ్మాయి వంగి చూసి, బల్ల మీదున్న ఆయన అన్నం క్యారేజీని ఇంత పక్కకు జరిపింది. బొమ్మ ఠక్కున ఆగిపోయింది. క్యారేజీ అంచు కీబోర్డు మీదికెక్కి, ఎడమ బాణం మీటను నొక్కిపట్టుకుని కూర్చుంది!

ఆ రోజు గది నవ్విన నవ్వు అంతా ఇంతా కాదు. ఎగతాళి లేదందులో, కడుపులు పట్టుకుని నవ్వారంతే. ఫోన్‌లో ఉన్న పెద్దాయన కూడా నవ్వేసి, పోనీలే పొమ్మన్నాడు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఆయనా నవ్వాడు, నవ్వకపోతే బాగుండదని. కానీ చెవులు కాలిపోయాయి. బస్సులో గదివాళ్లు ఎవరైనా తగులుతారని ఆ సాయంత్రం ఇంటిదాకా నడిచే వెళ్లాడు. మర్నాడు వచ్చేసరికి పేరు స్థిరపడిపోయింది.

మనిషికి సిగ్గు ఉండాలి, కాదనను. కానీ అది నెత్తికెక్కి కూర్చుంటే మాత్రం ప్రమాదం. ఆయన ఆనాటి నుంచి తనకు తానే ఒక చట్టం రాసుకున్నాడు. తప్పు పదేపదే కనబడితేనే తప్పు. ఒకసారి కనబడి మాయమైతే అది కంటి దోషం. అలాంటివి నోటిదాకా రానివ్వకూడదు. ఏళ్లు గడిచాయి, మేనేజర్లు మారారు, మగ్గు కూడా కొత్తది తెచ్చారు. ఆయన మాత్రం అటువైపు చేయి చాచలేదు.

ఇంటి సంగతికొస్తే, ఆయన భార్య ఆ కంపెనీవారి ఆటే ఆడుతుంది. మొదట్లో ఆయన పనేమిటో అర్థం చేసుకుందామని మొదలుపెట్టింది. తరవాత ఆయన పనిని వదిలేసి ఆటను పట్టుకుంది. ఆటంటే ఏం లేదు, కొందరు కలిసి ఒక వీధి కట్టుకోవాలి. తలా ఒక కొట్టు పెట్టుకుని, చెట్లు నాటుకుని, ఇయర్‌ఫోన్లు తగిలించుకుని కబుర్లాడుకుంటూ ఆ వీధిలో తిరగాలి. గెలుపూ ఓటమీ లేవు.

"గెలవడమే లేకపోతే అదేం ఆట?" అన్నాడు ఒకసారి ఆయన.

"అందుకేగా ఆడుతున్నా," అందావిడ.

ఆ వీధిలో ముగ్గురు ఆడవాళ్లు. వేరువేరు ఊళ్లవాళ్లు, ఒకరి మొహం ఒకరు చూడలేదు. ఈవిడది దీపాల కొట్టు. ఇంకొకావిడ ఆసుపత్రిలో నర్సు, ఆవిడది పిట్టల కొట్టు. మూడో ఆవిడ వయసులో పెద్ద. జీవితమంతా బట్టలు కుట్టి, చేతులు వణకడం మొదలయ్యాక మిషన్ అమ్ముకున్న మనిషి. ఆవిడను అందరూ దర్జీ అక్క అనేవాళ్లు. ఆటలో కూడా ఆవిడ బట్టల కొట్టే పెట్టింది. గుడ్డ మీద పువ్వు వేయాలంటే ఫోను తెర మీద చుక్క చుక్కగా వేలితో నొక్కుతూ పోవాలి. వేలు వణికితే చుక్క పక్కకు పోతుంది. చెరిపి మళ్లీ నొక్కాలి. తక్కినవాళ్లు టీ చల్లారేలోపు ముగించే పువ్వు ఆవిడకు వారం పట్టేది. అలా ఏళ్ల తరబడి నొక్కి నొక్కి కొట్టు నింపింది. శాలువలు, గౌన్లు, పిల్లల చొక్కాలు. "నిజం మిషన్ మీద ఇప్పుడు అంచు మడత కూడా తిన్నగా రాదమ్మాయ్. ఇందులో చూడు, ఒక్క కుట్టు వంకర పోలేదు," అని మురిసిపోయేది.

వాళ్లు ఆట ముగించే తీరు కూడా ఒకటుంది. ఒకసారి మిగతా ఇద్దరూ ముందు వెళ్లిపోయి, నర్సమ్మ ఖాళీ వీధిలో ఒంటరిగా నిలబడిపోయిందట. ఎందుకో ఏడుపొచ్చిందని చెప్పింది. అప్పటి నుంచి ఎవరూ వెనక మిగలకూడదని, "ఒకటి, రెండు, మూడు" అనుకుని ముగ్గురూ ఒక్కసారే బయటికొచ్చేవాళ్లు. వంటింట్లో కూర్చుని పేపరు చదువుకునే క్యారేజీ గారికి గోడ అవతల నుంచి ఆ లెక్క రోజూ వినబడేది. మూడు అనగానే ఇక కంచాలు పెట్టొచ్చని లేచేవాడు.

ఇంకో సంగతి. ఆయన్ని అడక్కుండా ఆవిడ ఏ అప్‌డేటూ ఫోన్‌లోకి ఎక్కించుకోదు. మధ్యాహ్నం ఆఫీసుకు ఫోన్ చేసి, "కొత్తది వచ్చిందండీ, నొక్కమంటారా? మీరు చూశారా?" అంటుంది. ఆయన చూశాననగానే తను నొక్కి, మిగతా ఇద్దరికీ "మావారు చూశారు, మీరూ నొక్కేయండి" అని చెబుతుంది. ఇంట్లో ఒక పరీక్షాధికారి ఉన్నాడని ఆ వీధిలో ఆవిడకు కాస్త పెద్దరికం కూడా.

అలా ఒక రోజు అప్‌డేట్‌కి చివరి పరీక్షలో ఆయనకు జతగా కూర్చున్న అమ్మాయిని గదిలో తొందర అంటారు. మాటా తొందరే, నడకా తొందరే, లిఫ్టు వచ్చేలోపు మెట్లెక్కేసే రకం. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని ఒకే వీధిలో ఆడుతున్నారు. చెట్లు చూశారు, కొట్లు చూశారు, వాన చూశారు. అన్నీ బాగున్నాయి. ఆటలోంచి బయటికి రాగానే, వీధిని కంపెనీ మిషన్లలో దాచిపెట్టినట్టు తెర మూలలో "భద్రం" అని పచ్చగా ఒక మాట వెలుగుతుంది. చివర్న చూడాల్సింది అదొక్కటే.

"బాబాయ్, ఇద్దరం ఒకేసారి వెళ్లిపోదాం. ఆకలేస్తోంది," అంది తొందర.

ఇద్దరూ ఒకేసారి మీట నొక్కారు. అచ్చాఫీసు అలవాటు కదా, ఆయన రెండు తెరలనూ ఒక్క చూపులో చూస్తున్నాడు. తన తెర మీద భద్రం వెలిగింది. ఆ అమ్మాయి తెర మీద వెలిగింది, ఒక్క రెప్పపాటు ఆరింది, మళ్లీ వెలిగింది.

అప్పటికే ఆ అమ్మాయి చూపు తలుపు వైపుంది.

"అమ్మాయ్, ఇంకోసారి లోపలికెళ్లి వద్దామా?" అన్నాడు.

వెళ్లారు. వచ్చారు. రెండు తెరల మీదా నిక్షేపంగా వెలిగింది. మళ్లీ చేశారు. మళ్లీ బాగానే ఉంది.

"ఏం బాబాయ్, ఏమైనా కనబడిందా?"

ఆయన తలెత్తి చూశాడు. మేనేజరు గడ్డం నిమురుకుంటూ గడియారం వైపు చూస్తున్నాడు. గదిలో అందరూ కుర్చీలు వెనక్కి జరిపి భోజనానికి లేవబోతున్నారు. అలమర మీద మగ్గు ఉంది. అది తీసుకుని అంతమంది ముందు నుంచి ఆ బల్ల దాకా నడవడం, ప్రోగ్రాములవాళ్లు దిగి రావడం, అంతా వెతికాక ఏమీ దొరక్కపోవడం, ఎవరో ఒకరు "క్యారేజీ ఎక్కడుందో చూడండర్రా" అనడం, ఇవన్నీ ఆయన కళ్ల ముందు జరిగిపోయాయి. చెవులు అప్పుడే వేడెక్కాయి. అయినా, ఇద్దరు ఒకే క్షణంలో వీధిలోంచి బయటికి రావడమేమిటి, అలా చేసేవాళ్లు లోకంలో ఎవరుంటారు అనుకున్నాడు. రోజూ వంటింట్లో కూర్చుని ఆ లెక్క వినే మనిషి ఆ మాట అనుకున్నాడు! ఇక్కడే నాకు ఆయన మీద ఒళ్లు మండుతుంది.

"ఏం లేదమ్మాయ్. కళ్లు మసకేశాయి," అన్నాడు.

భోజనమయ్యాక భార్య ఫోన్ చేసింది. "కొత్తది వచ్చిందండీ. నొక్కమంటారా?"

"ఆ, నొక్కు," అన్నాడు.

"మీరు చూశారుగా?"

"చూశాను."

ఆ సాయంత్రం ముగ్గురూ మామూలుగానే ఆడుకున్నారు. ఒకటి, రెండు, మూడు అన్నారు. ఆయన లేచి కంచాలు పెట్టాడు. మర్నాడు ఇంటికొచ్చేసరికి భార్య ముందుగదిలో ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. లైటు కూడా వేయలేదు.

"వీధి లేదండీ," అంది.

"లేదంటే?"

"ఖాళీ నేల. కొట్లు లేవు, చెట్లు లేవు, గడ్డి కూడా లేదు. వాళ్లిద్దరికీ అంతే. దర్జీ అక్క పొద్దుటి నుంచి ఫోన్ ఆపి మళ్లీ వేస్తూ కూర్చుందట, వస్తుందేమోనని."

ఆయన చెప్పులు విడవడం కూడా మర్చిపోయి గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆరి వెలిగిన ఆ పచ్చ మాట కళ్ల ముందుకొచ్చింది.

"మీ ఆఫీసులో అడిగి చూడండి, ఎక్కడైనా నకలు ఉంటుందేమో," అంది ఆవిడ.

"అడుగుతాను," అన్నాడు, ఆవిడ మొహం వైపు చూడకుండా.

నకలు మిగల్లేదు. ఒకే క్షణంలో ఇద్దరు బయటికొస్తే, ఒకరు దాచిన దాని మీద ఇంకొకరి వైపు నుంచి ఖాళీ వీధి వచ్చి పడుతోందట, అదీ అన్నిసార్లూ కాదట. కంపెనీ దగ్గరున్న నకలు ఆ ఖాళీనే నమ్మి తానూ ఖాళీ అయిపోయింది. అలా కలిసి బయటికొచ్చేవాళ్లు లోకంలో బోలెడుమంది ఉన్నారని ఫిర్యాదులు వచ్చాక తెలిసింది. భార్యాభర్తలు, అక్కచెల్లెళ్లు, స్నేహితులు. ప్రోగ్రాములవాళ్లు తప్పును వెంటనే సరిచేశారుగానీ పోయిన వీధులు పోయాయి. కంపెనీ క్షమాపణ చెప్పి, నష్టపోయిన ప్రతి ఒక్కరికీ ఒక బంగారు పూలకుండీ ఉచితంగా ఇచ్చింది, వీధిలో పెట్టుకోవడానికి. వీధి ఏదీ, పెట్టుకోవడానికి!

మేనేజరు గదిలో అందర్నీ సమావేశపరిచాడు. క్లాసు పీకుతాడని అందరూ బిక్కచచ్చి కూర్చున్నారు. మేనేజరు అలాంటిదేం చేయలేదు.

"మిమ్మల్ని అనడానికేం లేదు. తప్పు అంత సన్నంగా ఉంది," అన్నాడు. "క్యారేజీ గారి కళ్లకే దొరకలేదంటే ఇంకెవరికి దొరుకుతుంది చెప్పండి?"

గదంతా తలలూపింది. ఇన్నేళ్లలో ఆ పేరు గదిలో ఎవరి నోటైనా గౌరవంగా పలికిందంటే అప్పుడే. ఆయన తల ఎత్తలేకపోయాడు. తిట్టినా బాగుండేది. నలుగురిలో బట్టలూడదీసినా అంత సిగ్గుపడేవాడు కాదేమో. లేచి చెప్పేయాలని మోకాళ్ల మీద చేతులు ఆనించాడు కూడా, కానీ లేవలేదు.

బయటికొచ్చాక తొందర ఆయన వెనకాలే వచ్చింది. ఆ పిల్ల అంత నెమ్మదిగా నడవడం ఆయన ఎప్పుడూ చూడలేదు.

"నేనే తొందరపెట్టాను బాబాయ్. ఇంకో నాలుగుసార్లు చూసుంటే మీకు దొరికేదేమో. రాత్రి నుంచి అదే అనుకుంటున్నా," అంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఛ, నీదేం లేదమ్మా," అన్నాడు. తను మోయాల్సింది ఈ పిల్ల మోస్తోందని తెలిసి కూడా, నీళ్లు నములుతూ బస్సెక్కాడు.

ఇంట్లో ఆ సాయంత్రం ఆయన గిన్నెలు తోముతుంటే ముందుగదిలో భార్య ఫోన్‌లో మాట్లాడుతోంది. అవతల దర్జీ అక్కా, నర్సమ్మా ఇద్దరూ ఉన్నారు.

"లేదక్కా, మావారి కంట పడుంటే ఆగిపోయేదే. ఆయన సంగతి మీకు తెలీదు. అచ్చులో ఒక చుక్క పోతే అన్నం సయించని మనిషి. ఆ ముక్క ఆయనకు చూపించే ఉండరు. పెద్దవాళ్లు తొందరపడి వదిలేసి ఉంటారు," అంటోంది. "నాకే మీ ముందు మొహం చెల్లడం లేదు. మావారు చూశారు, నొక్కండి నొక్కండి అని మీ ఇద్దరి చేతా నేనేగా నొక్కించింది."

కుళాయి పారుతూనే ఉంది. ఆయన తోమిన గిన్నెనే మళ్లీ తోముతూ నిలబడ్డాడు. తను ఒక్కడూ పడాల్సిన సిగ్గు తన చేయి దాటిపోయి ఆవిడ ఒంటికి అంటుకుందని అప్పటిదాకా ఆయనకు తట్టలేదు. ఏ తప్పూ ఎరగని మనిషి తన తరఫున క్షమాపణలు చెప్పుకుంటోంది. పైగా తనను వెనకేసుకొస్తోంది. అది వింటుంటే చచ్చినంత పనైంది.

ఇంట్లో చెప్పడం కష్టమని మర్నాడు పొద్దున్నే ఆఫీసులో చెప్పాడు. అలాంటి లెక్కలు వేసుకోవడంలో మాత్రం ఆయనకు లోటు లేదు. మేనేజరు గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసి, "నాకు కనబడింది సార్. ఒకసారి ఆరి వెలిగింది. నేను మగ్గు తియ్యలేదు," అన్నాడు.

మేనేజరు తెల్లబోయి చూశాడు. తరవాత కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఒక్కసారేనా?"

"ఒక్కసారే సార్."

"పోనీలెండి. ఒక రెప్పపాటు ఎవరు పట్టించుకుంటారు? ఇప్పుడు పైవాళ్లకు ఇదంతా చెబితే గది గదంతా సంజాయిషీ చెప్పుకోవాలి. మీరు మనసులో పెట్టుకోకండి. టీ తాగారా?"

"ఆ అమ్మాయి తన వల్లే అనుకుంటోంది సార్. దానితో అయినా చెబుతాను."

"మీ ఇష్టం. గట్టిగా మాత్రం చెప్పకండి," అన్నాడు మేనేజరు.

తొందరతో చెప్పాడు. ఆ పిల్ల ఆయన వైపు చూసి, "మరి నేను అడిగానుగా బాబాయ్," అంది. అంతే అంది. ఆ తరవాత ఆ రోజంతా పని మాటలే మాట్లాడింది.

సాయంత్రం ఆయన ఇంటికెళ్లేసరికి భార్య పొయ్యి దగ్గర ఉంది. వెళ్లి వెనకాల నిలబడ్డాడు. ఎలా మొదలుపెట్టాలో బస్సులో అనుకున్నవన్నీ ఎగిరిపోయాయి.

"అది నాకు కనబడిందోయ్," అన్నాడు.

"ఏది?"

"ఆ తప్పు. పరీక్ష చేసేటప్పుడు కనబడింది. చెప్పలేదు."

ఆవిడ వెంటనే తిరగలేదు. పొయ్యి ఆపింది. చేయి తుడుచుకుంది. అప్పుడు తిరిగి, "ఎప్పుడు? నేను ఫోన్ చేయకముందా, చేశాకా?" అంది.

ఆయన ఆ ప్రశ్న వస్తుందని అనుకోలేదు. మేనేజరు అడగలేదు మరి.

"ముందే," అన్నాడు.

"మరి నన్నెందుకు నొక్కమన్నారు?"

"వద్దంటే ఎందుకు వద్దని అడుగుతావు. చెబితే, మరి ఆఫీసులో ఎందుకు చెప్పలేదంటావు."

"అడిగేదాన్నే," అంది ఆవిడ. ఆ గొంతులో ఉన్నది కోపమో ఏడుపో ఆయనకు తెలియలేదు. "దీపాలు పోతే పోయాయి, నేను మళ్లీ పెట్టుకుంటా. దర్జీ అక్క ఏం పెట్టుకుంటుందండీ? ఆవిడ చేతులు ఇంకా ఎక్కువ వణుకుతున్నాయిప్పుడు. గుండీ పెట్టుకోవడానికే అరగంట పడుతోందట. మళ్లీ అన్ని పువ్వులు వెయ్యలేనని నిన్ననే అంది."

ఆయన తల దించుకున్నాడు.

"నిన్నంతా మిమ్మల్ని వెనకేసుకొచ్చాను నేను."

"విన్నాను."

"విని కూడా గిన్నెలు తోముతూ ఉండిపోయారా?" అంది. ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. ఆవిడ ఫోన్ తీసి ఆయన చేతిలో పెట్టింది. "నాకు చెప్పి చేతులు దులుపుకుంటే కుదరదు. నేను మాటిచ్చింది వాళ్లకి. మీ నోటితో మీరే చెప్పండి."

ఆయన వంటింటి బల్ల ముందు కూర్చున్నాడు. ఇన్నేళ్లుగా గోడ అవతల నుంచి విన్న గొంతులతో మాట్లాడటం అదే మొదటిసారి. నమస్కారం చెప్పాడు. వాళ్లూ చెప్పారు. నర్సమ్మ, "మీ గురించి ఎంతో విన్నాం అన్నయ్యగారూ," అని కూడా అంది. దానికి ఆయన ప్రాణం ఇంకాస్త కుంగింది.

"ఆ తప్పు నాకు చూపించలేదనుకుంటున్నారట మీరు. చూపించారండీ. నేను చూశాను. మా ఆవిడకు ఫోన్‌లో నొక్కమని చెప్పేటప్పటికే చూశాను. ఎవరికీ చెప్పలేదు. ఆవిడకు ఏమీ తెలియదు," అన్నాడు.

ఎవరిదో ఇంట్లో ఫ్యాను తిరుగుతున్న శబ్దం మాత్రం వస్తోంది.

"ఎందుకు చెప్పలేదన్నయ్యగారూ?" అంది నర్సమ్మ. గొంతులో ఇందాకటి వెచ్చదనం లేదు.

దాపరికం ఎందుకని ఆయన మొత్తం చెప్పాడు. ఎర్ర మగ్గు సంగతి, దానంతట అదే ఎడమవైపు నడిచిన బొమ్మ సంగతి, కీబోర్డు మీదికెక్కిన క్యారేజీ సంగతి. క్యారేజీ దగ్గరికొచ్చేసరికి నర్సమ్మకు ఫక్కున నవ్వొచ్చింది. ఎంత ఆపుకుందామన్నా ఆగలేదు. వెంటనే నాలుక్కరుచుకుని, "అయ్యో, క్షమించండి," అంది. "అది కాదు, క్యారేజీ..." అని మళ్లీ నవ్వింది, ఆ తరవాత పూర్తిగా ఆపేసింది.

ఆయన చెవులు వేడెక్కాయి. మరుక్షణంలో చల్లారాయి. బల్ల బల్లలాగే ఉంది, ఫోన్ చేతిలోనే ఉంది. ఇన్నేళ్లు దేనికి భయపడి నోరు కట్టేసుకున్నాడో అది వచ్చింది, పోయింది.

"మళ్లీ అలాగే నవ్వుతారని చెప్పలేదమ్మా," అన్నాడు.

అప్పుడు దర్జీ అక్క గొంతు సవరించుకుంది.

"నవ్వితే ఏమయ్యేది బాబూ?" అంది.

ఆ అడగడంలో దెప్పిపొడుపు లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. ఆయన జవాబు కోసం వెతికాడు. ఉద్యోగం పోయేదా? పోదు. జీతం కోసేవాళ్లా? కొయ్యరు. మహా అయితే ఇంకొన్నాళ్లు చెప్పుకుని నవ్వేవాళ్లు. భార్య ఎదురుగా నిలబడి ఆయన మొహంలోకే చూస్తోంది. ఆవిడకూ ఆ జవాబు కావాలి.

"ఏమీ అయ్యేది కాదమ్మా," అన్నాడు.

"ఏదో పెద్ద కారణమే ఉంటుందనుకున్నాను," అంది దర్జీ అక్క.

ఆయన ఫోన్ భార్య చేతికిచ్చేసి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.